సూపర్‌మార్కెట్ గిఫ్ట్ వోచర్‌ను పైసా పోకుండా వాడుకోవడం ఎలా?

దీపావళికి ఆఫీసులో స్వీట్ బాక్సుతో పాటు ఇచ్చే రెండు వేల రూపాయల సూపర్‌మార్కెట్ వోచర్ చాలా ఇళ్లలో ఫ్రిజ్ మీదో, బీరువాలో చీరల కిందో చేరి వేసవి దాకా అక్కడే పడి ఉంటుంది. తీరా గుర్తొచ్చి తీస్తే గడువు అయిపోయి ఉంటుంది, లేదా రేపే ఆఖరి రోజు అయ్యుంటుంది, దాంతో పరుగున వెళ్లి చేతికందిన చిప్సూ కూల్‌డ్రింకులూ బుట్టలో వేసుకొస్తారు. ఊరికే వచ్చిన డబ్బు అనుకోవడంతోనే ఇదంతా మొదలవుతుంది. వచ్చే నెల సరుకుల డబ్బు కాస్త ముందుగా చేతికొచ్చింది అనుకోండి, ఎలా వాడాలో సగం తేలిపోతుంది.

1. ముందు అది ఏ రకమో చూడండి

కాగితం కూపనా, ప్లాస్టిక్ కార్డా, ఫోన్‌కి మెసేజ్‌గా వచ్చిన కోడా? కాగితం కూపన్ అయితే సాధారణంగా ఒక్కసారికే చెల్లుతుంది, చిల్లర తిరిగి ఇవ్వరు. కార్డు, కోడ్ రకాల్లో చాలావాటికి వాడగా మిగిలింది బ్యాలెన్స్‌గా ఉంటుంది, కానీ అన్నిటికీ కాదు, అందుకే వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది ఒకసారి చదవాల్సిందే.

ఇంకో తేడా కూడా ఉంది. రకరకాల దుకాణాల్లో చెల్లే గిఫ్ట్ కార్డులు రిజర్వ్ బ్యాంక్ నిబంధనల కిందికి వస్తాయి: ఒక్కో కార్డు 10,000 రూపాయలు దాటకూడదు, మళ్లీ డబ్బు నింపడం కుదరదు, నగదుగా తీసుకోవడం కుదరదు, గడువు కనీసం ఏడాది ఉండాలి. ఒక సూపర్‌మార్కెట్ తన దుకాణాల్లో మాత్రమే చెల్లేలా ఇచ్చే వోచర్‌కి ఈ నిబంధనలు వర్తించవు, గడువు ఆరు నెలలా మూడు నెలలా అన్నది వాళ్ల ఇష్టం. పైగా దుకాణమే మూతపడితే అడిగే నాథుడు ఉండడు. 2022లో ఊరూరా ఉన్న బిగ్ బజార్లు ఎంత త్వరగా కనుమరుగయ్యాయో చూశాం కదా. దాచుకుంటే విలువ పెరిగే వస్తువు కాదిది, వచ్చిన నెలా రెండు నెలల్లో వాడేయండి.

అంతలోపు చేయాల్సినవి రెండే. గడువు తేదీకి నెల ముందు మోగేలా ఫోన్‌లో రిమైండర్ పెట్టండి. కార్డు ముందువైపు ఫోటో తీసి ఉంచుకోండి. వెనక వెండి రంగు పూత మాత్రం బిల్లు కట్టే దాకా గీకొద్దు, గీకాక ఆ పిన్ ఎవరి కంటా పడనివ్వద్దు.

2. వెళ్లే ముందు దుకాణానికి ఒక ఫోన్

నాలుగు ప్రశ్నలు అడగండి చాలు. ఈ బ్రాంచిలో చెల్లుతుందా? ఒకే బిల్లుకి రెండు మూడు వోచర్లు తీసుకుంటారా? వేటికి చెల్లదు? ఆఫర్‌లో ఉన్న సరుకుకి కూడా వాడొచ్చా? ఈ చివరిది మర్చిపోకండి. ‘1,500 బిల్లు చేస్తే పంచదార సగం ధరకి’ లాంటి ఆఫర్లలో కొన్నిచోట్ల వోచర్ పోను మిగిలిన మొత్తాన్నే లెక్కలోకి తీసుకుంటారు. సిగరెట్లు, బంగారం నాణేలు, మొబైళ్లు, మళ్లీ ఇంకో గిఫ్ట్ కార్డు లాంటివాటికి చాలాచోట్ల ఒప్పుకోరు.

ఓటీపీ గొడవ ఒకటుంది. చాలా కార్డులకి బిల్లింగ్ సమయంలో ఎవరి నంబరు నమోదై ఉంటే వాళ్లకే ఓటీపీ వెళ్తుంది. అబ్బాయి డాలస్ నుంచి గుంటూరులో ఉన్న అమ్మకి పంపించి, నంబరు దగ్గర తనదే ఇచ్చాడనుకోండి, ఇక్కడ ఉదయం పదకొండు గంటలకి అమ్మ కౌంటర్ దగ్గర నిలబడి ఉంటే అక్కడ అర్ధరాత్రి, ఓటీపీ నిద్రపోతున్న వాడి ఫోన్‌లో మోగుతుంది. కొనేటప్పుడే అమ్మ నంబరు ఇస్తే ఈ టెన్షన్ ఉండదు.

దుకాణం ఎంత దూరమో కూడా చూసుకోండి. 500 రూపాయల వోచర్ కోసం ఆటోకి రానూపోనూ 200 పెట్టడం దేనికి? అటువైపు ఉండే చుట్టాలకో తోటి ఉద్యోగికో ఇచ్చేసి యాభై తక్కువైనా డబ్బు తీసుకోవడం మేలు. కోడ్ మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, ముందు చూసినవాడు వాడేస్తాడు.

3. ఏం కొనాలి?

అసలు లాభం ఇక్కడే ఉంది. ఎలాగూ కొనే సరుకులే కొనండి, అందులోనూ బయట కూడా అదే ధరకి దొరికేవి. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఉన్నదాన్ని ఎంత పెద్ద ఏసీ దుకాణమైనా అంతకన్నా ఎక్కువకి అమ్మకూడదు. కాబట్టి సబ్బులు, టూత్‌పేస్టు, ఉప్పు, టీ పొడి, డిటర్జెంట్, నెయ్యి లాంటి ప్యాకెట్ సరుకుల్లో మీరు పెద్దగా నష్టపోయేదేమీ ఉండదు. కూరగాయలూ పళ్లూ అలా కాదు, వాటి ధర దుకాణం ఇష్టం. అదే టమాటా రైతు బజార్లో తక్కువకి దొరుకుతుంటే వోచర్ ఉంది కదా అని ఇక్కడ తూకం వేయించుకోవడం ఎందుకు? వాటికి నగదు, వీటికి వోచర్ అని విడదీసుకోండి.

బియ్యం అయిపోవస్తుంటే మాత్రం ఆలోచించక్కర్లేదు, ఒక్క బస్తాతోనే వోచర్‌లో పెద్ద భాగం ఖర్చవుతుంది. బస్తా మీద 26 కిలోలు అని ఎందుకుంటుందో తెలుసా? 2022 జులై నుంచి 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్ బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడుతోంది, అది తప్పించడానికి మిల్లులవాళ్లు ఒక కిలో కలిపారు. అందుకే ఐదు, పది కిలోల సంచుల కంటే 26 కిలోల బస్తాలోనే కిలో ధర తక్కువ పడుతుంది చాలాసార్లు. అయినా కిలోకి ఎంతో లెక్క కట్టే తీసుకోండి.

నూనె దగ్గర ఇంకాస్త ఆగండి. లీటరు సన్‌ఫ్లవర్ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. పక్కనే అదే రంగులో, చూడటానికి అంతే ఉన్న ఇంకో ప్యాకెట్ పది రూపాయలు తక్కువని తీసుకుంటాం, తిప్పి చూస్తే 850 గ్రాములో 800 గ్రాములో ఉంటుంది. ఎమ్మార్పీ పక్కనే గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా ముద్రిస్తున్నారు ఇప్పుడు. రెండు ప్యాకెట్లని పోల్చాలంటే ఆ చిన్న అంకె చూడండి, పెద్ద అక్షరాల ‘ఆఫర్’ కాదు.

నిల్వ ఉంటుంది కదా అని పప్పులూ రవ్వా ఆరు నెలలకి సరిపడా తెచ్చేస్తే వానాకాలంలో పురుగులకి పెట్టినట్టే. కందిపప్పు రెండు నెలలకి మించి వద్దు. గోధుమపిండి ఒక నెలకి చాలు. సబ్బులకీ డిటర్జెంట్‌కీ ఆ బాధ లేదు, ఎంతైనా తెచ్చుకోండి. వోచర్ వచ్చిన నెలా రెండు నెలల్లోనే పండగో పచ్చళ్ల కాలమో పడితే సంక్రాంతి బెల్లం, నువ్వులకో, వేసవిలో ఆవకాయ నువ్వులనూనెకో అట్టిపెట్టుకోవడం నాకు నచ్చే పద్ధతి.

మరి సరదాగా ఏమీ కొనుక్కోకూడదా అంటారా? కొనుక్కోండి, కాకపోతే వోచర్‌తో కాదు. ఈ నెల సరుకుల డబ్బులో రెండు వేలు మిగిలాయి కదా, ఆ నగదు అదే రోజు విడిగా తీసి పెట్టి మీకు కావాల్సింది కావాల్సిన చోట కొనుక్కోండి. అలా తీసి పెట్టకపోతే ఏమైపోయిందో కూడా తెలియదు.

4. బిల్లింగ్ దగ్గర

కాగితం కూపన్లు రెండు, ఒక్కోటి వెయ్యి అనుకుందాం. బిల్లు 1,860 అయింది. మిగతా 140 అంతే సంగతులు. అందుకే బుట్ట నింపేటప్పుడే ఫోన్‌లో కూడుకుంటూ వెళ్లి బిల్లు వోచర్ కన్నా యాభై వందా ఎక్కువ వచ్చేలా చూసుకోండి, ఆ పైది యూపీఐతో కట్టేయొచ్చు. తక్కువ పడితే కలపడానికి అగరుబత్తీలు, అగ్గిపెట్టెల కట్ట, గిన్నెలు తోమే సబ్బు లాంటివి ముందే అనుకుని ఉంచుకోవాలి. లేకపోతే కౌంటర్ పక్కన పేర్చిన చాక్లెట్లే దిక్కవుతాయి, అవి అక్కడ పెట్టిందే అందుకు.

మొదటి వస్తువు స్కాన్ చేయకముందే ‘వోచర్ ఉందండీ’ అని చెప్పండి. కొన్నిచోట్ల అన్ని కౌంటర్లలో తీసుకోరు, కస్టమర్ సర్వీస్ డెస్క్‌కి వెళ్లమంటారు, సరుకంతా బిల్లయ్యాక ఆ మాట వింటే వెనకున్నవాళ్లు మనల్నే చూస్తారు. నెల మొదటి వారం, ఆదివారం సాయంత్రం వద్దు. మామూలు రోజు పొద్దున్నే వెళ్తే సర్వర్ మొరాయించినా మాట్లాడటానికి ఒక మనిషి దొరుకుతాడు.

వోచర్‌లో డబ్బు తగ్గిందని మెసేజ్ వచ్చి, అక్కడ మెషీన్‌లో ఫెయిల్ అని చూపిస్తే ఇంకోసారి గీకించకండి. ముందు బ్యాలెన్స్ చూసుకోండి. తగ్గి ఉంటే ఫెయిల్ అయిన చీటీ అడిగి తీసుకుని, మేనేజర్‌తో దాని మీద సంతకం చేయించుకోండి.

5. వాడాక

బ్యాలెన్స్ సున్నా అయినా కార్డు వెంటనే పారేయకండి. ఏదైనా వస్తువు వెనక్కి ఇస్తే డబ్బు నగదుగా రాదు, అదే కార్డులోకో క్రెడిట్ నోట్‌గానో వస్తుంది. బిల్లు, కార్డు కలిపి క్లిప్ పెట్టి ఆ సరుకులన్నీ విప్పి చూసే దాకా ఉంచండి.

‘పండగ కానుకగా 5,000 వోచర్, లింక్ నొక్కి పది మందికి పంపండి’ అని వచ్చే మెసేజీలన్నీ మోసమే. వోచర్ మీ ఖాతాలో పడాలంటే యూపీఐ పిన్ కొట్టాలని ఎవరైనా చెబితే ఫోన్ పెట్టేయండి, ఆ పిన్ డబ్బు పంపడానికే తప్ప తీసుకోవడానికి అక్కర్లేదు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. గడువున్న వోచర్‌ని దుకాణం తీసుకోనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు.