అమెరికా కళాశాల క్రీడల సమాచార, ప్రసార విభాగాలలో పని: కొత్తగా వచ్చిన తెలుగు విద్యార్థులకు సూచనలు

ఆగస్టులో ఓరియెంటేషన్ ముగిసీ ముగియకముందే మన విద్యార్థులలో చాలామంది లైబ్రరీ, డైనింగ్ హాల్, ఐ.టి. హెల్ప్‌డెస్క్ ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టడం మొదలుపెడతారు. సరిగ్గా అదే వారంలో క్యాంపస్ మరో చివర, స్టేడియం పక్కనున్న భవనంలో, వాలీబాల్, సాకర్ పోటీలు దగ్గరపడుతుండగా గణాంకాలు నమోదు చేసేవారు, కెమెరా పట్టేవారు, తెరమీద స్కోరు నడిపేవారు చాలక అక్కడి సిబ్బంది సతమతమవుతుంటారు. ఆ భవనం వైపు మనవారు వెళ్లకపోవడానికి నేను చూసినంతలో ఒకటే కారణం. అది ఆటగాళ్లదో, ఆ ఆటలతోనే పుట్టి పెరిగినవారిదో అన్న అపోహ. నిజానికి అక్కడ కావలసింది ఆట మీద పిచ్చి కాదు. రాత్రి తొమ్మిదిన్నరకు కూడా అంకె తప్పకుండా రాయగల ఓపిక. ఆ ఓపిక ఉన్నవారికి ఇది జీవనోపాధి కాగల వృత్తి అని చెప్పడానికే ఈ సూచనలు రాస్తున్నాను.

ముందు ఆ విభాగం చేసే పనేమిటో తెలుసుకోవాలి. విశ్వవిద్యాలయ జట్ల గురించి బయటకు వెళ్లే ప్రతి మాటా, ప్రతి అంకే క్రీడా సమాచార విభాగం చేతుల మీదుగా వెళ్తుంది. దానిని నడిపే అధికారిని దశాబ్దాలుగా స్పోర్ట్స్ ఇన్ఫర్మేషన్ డైరెక్టర్ అని, క్లుప్తంగా ఎస్.ఐ.డి. అని పిలుస్తున్నారు. పోటీకి ముందు విలేకరులకు ఇచ్చే గేమ్ నోట్స్, పోటీ జరుగుతుండగా గణాంకాలు, ముగిశాక వార్తాకథనం, కోచ్‌లతో విలేకరుల సమావేశాలు, వెబ్‌సైటు, సామాజిక మాధ్యమాలు అన్నీ వారి బాధ్యతే. ఈ ఉద్యోగులకు 1957లో ఏర్పడిన వృత్తి సంఘం ఒకటుంది. చాలాకాలం కోసిడా (కాలేజ్ స్పోర్ట్స్ ఇన్ఫర్మేషన్ డైరెక్టర్స్ ఆఫ్ అమెరికా) అని పిలిచిన ఆ సంఘం 2022లో కాలేజ్ స్పోర్ట్స్ కమ్యూనికేటర్స్ అని పేరు మార్చుకుంది. పేరులోంచి ‘సమాచారం’ పోయి ‘సంభాషణ’ వచ్చి చేరడంలోనే ఉద్యోగం ఎంత మారిందో తెలుస్తుంది.

కళాశాల క్రీడలను నడిపే జాతీయ సంఘమైన ఎన్.సి.ఎ.ఎ.లో వెయ్యికి పైగా విద్యాసంస్థలు మూడు డివిజన్లుగా ఉన్నాయి. టీవీలో కనిపించేవి డివిజన్ వన్‌లోని పెద్ద విశ్వవిద్యాలయాలు మాత్రమే. ఆటగాళ్లకు క్రీడా స్కాలర్‌షిప్పులే లేని డివిజన్ త్రీ కళాశాలలో ఇరవై జట్లకు ఒకరిద్దరు ఉద్యోగులే ఉండడం సాధారణం. మీరు చేరినది అలాంటి చిన్న కళాశాల అయితే నిరుత్సాహపడవద్దు. పెద్దచోట ఏడాదంతా కేబుల్ చుట్టే విద్యార్థి చిన్నచోట మొదటి నెలలోనే కథనం రాస్తాడు.

‘నాకు అమెరికన్ ఫుట్‌బాల్ తెలియదు’ అన్న సంకోచంతో ఆగిపోయేవారికి నా సలహా, ఫుట్‌బాల్‌తో మొదలుపెట్టవద్దనే. దానికి మనుషులు ఎప్పుడూ దొరుకుతారు. మహిళల వాలీబాల్‌తో ప్రారంభించండి. అది ఆగస్టు చివర మొదలై డిసెంబరు దాకా సాగుతుంది, మన పాఠశాల మైదానాలలో ఆడిన ఆటే కనుక నియమాలు సగం తెలిసే ఉంటాయి. నవంబరులో బాస్కెట్‌బాల్ వస్తుంది. ఫిబ్రవరిలో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ వచ్చేసరికి, క్రికెట్ స్కోరుపుస్తకం నింపిన అలవాటున్నవారికి ఆ పని చేతికి ఇట్టే పడుతుంది. ఒక్కో ఫీల్డరుకు ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకె ఉంటుంది, షార్ట్‌స్టాప్ ఆరు, రెండో బేస్ నాలుగు, మొదటి బేస్ మూడు. 6-4-3 అని రాస్తే బంతి ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్లి ఇద్దరు అవుటయ్యారో ఆ మూడంకెలే చెబుతాయి.

గణాంకాల బల్ల దగ్గర జరిగేదేమిటో కాస్త వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఈ వృత్తిలోకి చాలామందికి దారి అక్కడినుంచే. బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన ఇద్దరు ఆనుకుని కూర్చుంటారు. ఒకరు కాలర్, అంటే ఆటమీదనుంచి చూపు తిప్పకుండా జరిగినది జరిగినట్టు పలికేవారు. రెండోవారు తల ఎత్తకుండా లాప్‌టాప్‌లో నమోదు చేసేవారు. ‘వైట్ టూ-త్రీ, త్రీ నో గుడ్, రీబౌండ్ బ్లూ వన్-ఫైవ్’ అని కాలర్ పలికితే, తెల్లచొక్కాల జట్టులో 23వ నంబరు క్రీడాకారిణి వేసిన మూడు పాయింట్ల షాట్ పడలేదనీ, బంతి నీలంజట్టు 15వ నంబరుకు చిక్కిందనీ అర్థం. ఆ వాక్యం పూర్తయ్యేలోపు బంతి కోర్టు అవతలికి చేరుతుంది.

నంబరును ఎప్పుడూ విడివిడి అంకెలుగా ఎందుకు పలకాలో నేను నా మొదటి ఏడాదే నేర్చుకున్నాను. పదిహేను, యాభై అన్న మాటలను తెలుగులో ఎవరూ పొరబడరు. హోరెత్తుతున్న హాలులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ అన్న మాటలు మాత్రం ఒకేలా వినిపిస్తాయి. ఆ రోజు రెండు నంబర్లూ కోర్టులోనే ఉండడంతో సాఫ్ట్‌వేరు నన్ను హెచ్చరించలేదు. ఒకరి ఆరు పాయింట్లు మరొకరి ఖాతాలో రాశాను. విరామంలో ముద్రించి పంచిన బాక్స్ స్కోరు, అంటే ఒక్కొక్కరి గణాంకాల పట్టిక, పట్టుకుని ప్రత్యర్థి జట్టు సహాయక కోచ్ మా బల్ల దగ్గరికి వచ్చి ఒక్క మాట కూడా అనకుండా ఆ వరుస మీద వేలు పెట్టి నిలబడ్డారు. నేను మొత్తాలు సరిచూశాననే ధైర్యంతో ఉన్నాను, కానీ జట్టు పాయింట్ల మొత్తం అలాంటి తప్పును పట్టివ్వదు. నలభై నిమిషాల పోటీలో అయిదుగురు ఆడతారు కనుక, అదనపు సమయం లేనప్పుడు, ఒక జట్టు ఆటగాళ్ల నిమిషాలన్నీ కలిపితే 200 రావాలి. రాకపోతే ఎక్కడో మార్పిడి నమోదు కాలేదని తెలుస్తుంది. పాయింట్లు ఎవరివన్నది మాత్రం కన్ను, చెవి తప్ప మరేదీ చెప్పలేదు. అందువల్ల ప్రతి టైమ్‌అవుట్‌లోనూ అధికారిక స్కోరుపుస్తకం రాసేవారితో ఒక్కొక్కరి పాయింట్లు, ఫౌళ్లు పోల్చుకోండి.

అసిస్ట్, అంటే షాట్ పడడానికి దారితీసిన పాస్ ఇచ్చినవారి ఖాతాలో వేసే అంకె, ఇవ్వాలా వద్దా అన్నది తీర్పుకు సంబంధించిన విషయం. సొంత జట్టుకు ఉదారంగానూ, ఎదుటిజట్టుకు పిసినారిగానూ రాసేవారి పేరు ఆ లీగ్ అంతటా తెలిసిపోతుంది.

ప్రసార విభాగం సంగతికి వస్తే, అందులో విద్యార్థులకు ఇన్ని అవకాశాలు రావడానికి కారణముంది. విశ్వవిద్యాలయాల క్రీడా కూటముల పేరిట 2014లో ఎస్.ఇ.సి. నెట్‌వర్క్, 2019లో ఎ.సి.సి. నెట్‌వర్క్ అనే టీవీ ఛానెళ్లు మొదలైనప్పుడు ఆయా విశ్వవిద్యాలయాలు తమ పోటీలను తామే చిత్రీకరించి పంపేందుకు క్యాంపస్‌లో కంట్రోల్ రూములు కట్టుకున్నాయి. ఈలోగా 2018లో ఇ.ఎస్.పి.ఎన్. ప్లస్ వంటి ఆన్‌లైన్ సేవలు వచ్చి చిన్న ఆటలకు కూడా ప్రసారం అవసరమైంది. డైరెక్టరు, ప్రొడ్యూసరు ఉద్యోగులైనా, కెమెరాలు, రీప్లే, గ్రాఫిక్స్, ధ్వని సహాయం వంటి పనులలో ఎక్కువ భాగం విద్యార్థులే చేస్తారు.

మొదటి రోజు మీకు ఇచ్చే పని బహుశా కేబులే. దానిని మోచేతికి చుట్టవద్దు. ఒక చుట్టు పైనుంచి, తరువాతి చుట్టు కిందినుంచి వేస్తే మెలిక పడకుండా విసిరిన వెంటనే సాఫీగా విడుతుంది. ఆ పద్ధతిని ఇంట్లో తాడుతో అభ్యసించి వెళ్లినవారిని సిబ్బంది గుర్తుపెట్టుకుంటారు. కెమెరా చేతికి వచ్చాక హెడ్‌సెట్‌లో డైరెక్టరు ‘రెడీ టూ, టేక్ టూ’ అనగానే రెండో కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతుంది. ఆ దీపం వెలిగినంతసేపూ మీ చేయి కదిలినా ఇంటింటా కనిపిస్తుంది. కొత్తవారు చేసే తప్పు ఒకటే ఉంటుంది: ఆట రసవత్తరంగా ఉన్నప్పుడు వ్యూఫైండరులోంచి కన్ను తీసి ఆటను చూస్తారు.

వ్యాఖ్యానం వైపు ఆసక్తి ఉన్నవారు విద్యార్థి రేడియోలో మొదలుపెట్టవచ్చు. మన ఉచ్చారణ అడ్డు అవుతుందేమో అన్న భయం చాలామందిలో ఉంటుంది. నా అనుభవంలో వినేవారికి ఇబ్బంది కలిగించేది యాస కాదు, వేగం; యాసను దాచబోయి కృత్రిమంగా మాట్లాడితే రెండూ చెడతాయి. రేడియోలో స్కోరు, మిగిలిన సమయం మాటిమాటికీ చెప్పాలి. రెడ్ బార్బర్ అనే పాతతరం బేస్‌బాల్ వ్యాఖ్యాత ఈ సంగతి మరచిపోకుండా ఎదురుగా మూడు నిమిషాల ఇసుకగడియారం పెట్టుకునేవారు. ఫోనులో అలారం ఆ పని చేస్తుంది.

పేర్ల విషయంలో మాత్రం మనకు సహజమైన మేలు ఉంది. ప్రతి గేమ్ నోట్స్‌లోనూ పేర్లు ఎలా పలకాలో చెప్పే పట్టిక ఉంటుంది, దానిని ఊహించి కాక ఆటగాణ్ణే అడిగి రాయాలి. ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయం తరఫున కాలేజీ టెన్నిస్ ఆడారు. అలాంటి పేరు జాబితాలో ఉన్నప్పుడు ఏ అక్షరం దీర్ఘమో, ఏది ఇంటిపేరో ఒక్క నిమిషంలో చెప్పగలిగినవారు బల్ల దగ్గర ఉండడం విలువైన విషయం. పేరంతా ఇంటిపేరు గడిలోనే ఉన్న పాస్‌పోర్టుతో వచ్చి, మెడలో వేసుకునే ప్రవేశపత్రం మీద తన పేరుకు బదులు ఎఫ్.ఎన్.యు. (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని అచ్చయి ఉండడం చూసిన మనవారికి ఈ శ్రద్ధ ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

ఇక వీసా సంగతి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవారు తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. సెలవులలో పూర్తికాలం చేయవచ్చు. లైబ్రరీలో 12 గంటలు చేస్తుంటే ఇక్కడ మిగిలేది 8 మాత్రమే. ఒక్క ఫుట్‌బాల్ శనివారం అందులో చాలాభాగం తినేస్తుంది కనుక సోమవారమే లెక్క వేసుకోండి. ఉద్యోగం ఖాయమయ్యాక విభాగం ఇచ్చే ఉత్తరం, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం ఇచ్చే ఉత్తరం తీసుకుని సోషల్ సెక్యూరిటీ కార్యాలయానికి వెళ్లాలి.

అంతకంటే జాగ్రత్తగా చూడవలసినది, జీతం ఎవరిస్తున్నారన్నది. అదే కంట్రోల్ రూములో, అదే కుర్చీలో కూర్చున్నా, కొన్ని పోటీలకు డబ్బు విశ్వవిద్యాలయం కాక బయటి ప్రసార సంస్థ ఇస్తుంది. పక్కనున్న అమెరికన్ మిత్రుడు నిశ్చింతగా తీసుకునే ఆ చెక్కు మీకు అనుమతిలేని ఉద్యోగం కావచ్చు. డబ్బు వద్దు, ఊరికే చేస్తాననడం కూడా పరిష్కారం కాదు. మామూలుగా జీతమిచ్చే పనిని ఉచితంగా చేసినా చిక్కే. ముందుగా డి.ఎస్.ఓ.ను, అంటే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో మీ వీసా వ్యవహారాలు చూసే అధికారిని, అడిగి, జవాబును ఈమెయిల్‌లో తీసుకోండి.

చదువు ముగిశాక వచ్చే 12 నెలల ఓ.పి.టి. అనే ఉద్యోగ అనుమతి కాలంలో చేసే పని మీ డిగ్రీకి నేరుగా సంబంధించినదై ఉండాలి. కంప్యూటర్ సైన్సు చదివినవారు వార్తాకథనాలు రాసే ఉద్యోగంలో చేరితే ఆ సంబంధం చూపడం కష్టం; గణాంకాల డేటా, గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేరు పని అయితే చూపవచ్చు. మరో 24 నెలల పొడిగింపు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలోని డిగ్రీలకే కనుక, కోర్సు ఎంచుకునే ముందే దాని కోడ్ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. ఆ తరువాత హెచ్-1బి ఉద్యోగ వీసా దశలో ఈ వృత్తికి ఒక అనుకూలత ఉంది: విశ్వవిద్యాలయాలు ఏటా జరిగే లాటరీ పరిమితి కిందకు రావు. ప్రారంభ జీతాలు సాఫ్ట్‌వేరుతో పోల్చదగినవి కావు, ఆ సంగతి అప్పు తీర్చవలసిన ఇంటివారికి ముందే చెప్పండి. కొన్నిచోట్ల ఫీజు మినహాయింపుతో ఇచ్చే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్ ఈ విభాగంలోనూ ఉంటుంది. మనవారు దానిని అడగనే అడగరు.

నడవడిలో మూడు విషయాలు తప్పనిసరి. ప్రెస్ బాక్స్‌లో ఈలలు, చప్పట్లు, కేకలు కూడదు, సొంత జట్టు చివరి క్షణంలో గెలిచినా సరే. ఆటగాడి గాయం, మార్కులు, క్రమశిక్షణ చర్యల గురించి విన్నది స్నేహితుల వాట్సాప్ గుంపులో కూడా పెట్టకూడదు. విద్యార్థుల రికార్డులను కాపాడే ఫెర్పా చట్టం 1974 నుంచి అమలులో ఉంది. ఇక పందేలు. క్రీడా విభాగంలో పని చేసేవారికి ఎన్.సి.ఎ.ఎ. పందెం నిషేధం వర్తిస్తుంది, డబ్బు పెట్టి ఆడే ఫాంటసీ ఆటలు కూడా అందులోకే వస్తాయి. క్రికెట్ ఎన్.సి.ఎ.ఎ. క్రీడ కాదు కదా అని నాతో వాదించిన కుర్రాళ్లున్నారు. ఆ వాదనను విచారణాధికారి ముందు చేయవలసిన అవసరం తెచ్చుకోకపోవడం మంచిది.

ఆటగాళ్లతో ప్రచార వీడియోలు తీసేటప్పుడు వారిలో మీలాగే ఎఫ్-1 మీద వచ్చినవారు ఉంటారని గుర్తుంచుకోండి. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద సంపాదించుకోవచ్చు గానీ, వీసా నిబంధనలు వారిని వెనక్కి లాగుతాయి. ఏ ప్రకటనకైనా ముందు, నిబంధనల అమలు చూసే కంప్లయన్స్ కార్యాలయం అనుమతి తీసుకోవాలి.

దరఖాస్తు ఉత్తరం ఎస్.ఐ.డి.కి కాక, వాలీబాల్ లేదా సాకర్ చూసే సహాయకుడికి రాయండి. పేర్లు, ఏ జట్టు ఎవరిదో విభాగం వెబ్‌సైటులో ఉంటాయి. ఆటలంటే ఎంత ప్రేమో వర్ణించనక్కరలేదు. ఏయే సాయంత్రాలు ఖాళీయో, ఎంత వేగంగా టైపు చేయగలరో, 20 గంటలలో ఎన్ని మిగిలాయో నాలుగు వాక్యాలలో చెబితే ఎక్కువసార్లు మరునాడే జవాబు వస్తుంది. మొదటి రోజు విశ్వవిద్యాలయం రంగు లేదా నలుపు పోలో చొక్కా వేసుకుని, ఎదుటిజట్టు రంగు పొరపాటున కూడా లేకుండా చూసుకుని, గంటన్నర ముందే వెళ్లండి. శాకాహారులకు ప్రెస్ గదిలో దొరికేది సాధారణంగా చీజ్ పిజ్జా మాత్రమే, పులిహోర డబ్బా వెంట ఉంటే మేలు. వాలీబాల్ అయిదు సెట్లకు వెళ్లిన రాత్రి, బాక్స్ స్కోరు పంపి, కేబుళ్లు సర్ది బయటపడేసరికి పదకొండు దాటుతుంది. క్యాంపస్ చివరి బస్సు ఎన్నింటికో బయలుదేరే ముందే చూసుకోండి.