టిప్పుల డబ్బా గొడవ లేకుండా పంచడం ఎలా?

కావాల్సినవి తాళం ఉన్న డబ్బా, రూళ్ల నోటుబుక్కు, పెన్ను. యాప్‌లూ ఎక్సెల్ షీట్లూ వద్దు, రాత్రి పన్నెండింటికి కాళ్లు పీకుతుంటే ఎవరు చూస్తారు?

చేతికొచ్చిన నోటు జేబులోకి కాదు, డబ్బాలోకి వెళ్లాలి. ఎవరి టేబుల్ టిప్పు వాళ్లదే అనే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. వైజాగ్‌లో ఆదివారం సాయంత్రం సముద్రం కనిపించే టేబుళ్ల కోసం కొట్టుకుంటారు, వాష్‌రూమ్ పక్క టేబుల్‌కి నీళ్లు పెట్టేవాడుండడు.

పంపకం పాయింట్లతో చేయండి. కెప్టెన్‌కి (సర్వర్లను చూసుకునేవాడు), స్టీవార్డ్‌కి (వడ్డించేవాడు) రెండేసి, టేబుళ్లు తుడిచే కుర్రాళ్లకి, కిచెన్ వాళ్లకి ఒక్కోటి. సగం షిఫ్టుకి సగం. డబ్బాలో 3,200 ఉండి పాయింట్లు 16 అయితే పాయింటుకి 200. కెప్టెన్‌కి మూడు ఇవ్వాలంటారు కొందరు. కెప్టెన్‌గా చేసినవాడిగా చెబుతున్నా, రెండు చాలు.

అసలు తలనొప్పి క్యూఆర్ కోడ్‌తోనే. బిల్లు 1,140 అయితే కస్టమర్ 1,200 కొట్టి "ఉంచుకో బాబూ" అని వెళ్లిపోతాడు. ఆ 60 పడింది ఓనర్ ఖాతాలో. రాత్రి కౌంటర్ లెక్కలో అది ఎక్కువొచ్చిన డబ్బుగానే కనిపిస్తుంది, ఎవరిదో తెలియదు. అందుకే కస్టమర్ కుర్చీలోంచి లేచేలోపే బిల్లు హోటల్ కాపీ మీద "టిప్పు 60", టేబుల్ నంబరు, టైము రాసి, క్యాషియర్ చేత పొట్టి సంతకం పెట్టించండి. తర్వాత రాద్దాంలే అనుకుంటే పోయినట్టే. కౌంటర్ మూసేముందు ఆ మొత్తం నోట్ల రూపంలో తీసుకుని డబ్బాలో వేయాలి. నెలాఖరుకి తీసుకుందామని ఒప్పుకోకండి. బీచ్ రోడ్డులో నేను చేసిన ఒక హోటల్లో అలా ఒప్పుకున్నాం. దసరా నెల స్లిప్పులన్నీ పాలిథిన్ కవర్లో దాచి పట్టుకెళ్తే, "ఇవి మీరు రాసుకున్నవేగా" అన్నాడు ఓనర్. ఒక్క స్లిప్పు మీదా క్యాషియర్ సంతకం లేదు. అలాగని మీలో ఒకడి ఫోన్ క్యూఆర్ అతికించొద్దు. వాడు మర్నాడు సెలవు పెట్టాడంటే అందరికీ అనుమానమే.

బిల్లులో సర్వీస్ ఛార్జి కనిపిస్తే అది టిప్పు కాదని గుర్తుంచుకోండి. దాన్ని బిల్లులో దానంతటదే కలపకూడదని 2022 జులైలో కేంద్ర మార్గదర్శకాలు వచ్చాయి, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ వాటిని సమర్థించింది. 5 శాతం జీఎస్టీ ప్రభుత్వానిది, అందులో మనకు పైసా రాదు.

ఇక జీతం స్లిప్పు. కార్డు టిప్పులను యాజమాన్యం పంచినా అవి జీతం కావని, వాటి మీద టీడీఎస్ (జీతంలోంచి ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయాల్సిన పని లేదని 2016లో సుప్రీంకోర్టు తేల్చింది. రిటర్న్ వేస్తే మాత్రం ఆ ఆదాయం చూపాల్సింది మీరే. ఈఎస్ఐలో (ఉద్యోగుల ఆరోగ్య బీమా) మీ వాటా జీతం మీద 0.75 శాతం, అంటే 14,000కి 105. అంతకన్నా ఎక్కువ కోసి ఉంటే టిప్పులు కూడా కలిపారేమో అడగండి.