పాత హాస్యచిత్రం మళ్లీ చూసి రాయడం – 4వ పాఠం: ఎదుటివాడి ముఖం

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. చిన్నప్పుడు చూసిన, ఇప్పుడు ఎవరూ తలుచుకోని హాస్యచిత్రం ఒకటి మళ్లీ చూసి పేజీ రాయమన్నాను. వచ్చినవాటిలో చాలావరకు రెండే రకాలు. కథంతా పూసగుచ్చినట్టు చెప్పేయడం ఒకటి. "ఆ రోజులే వేరు" అని మొదలుపెట్టి "ఇప్పుడు అలాంటి సినిమాలేవీ?" అని ముగించడం రెండోది. ఈ రెండోదానికి సినిమా చూడాల్సిన పని కూడా లేదు. అందుకే ఈసారి మొదలుపెడదామనుకున్న పాటల సంగతి పక్కన పెట్టేశాను.

కడప నుంచి ఒకాయన 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' ఎంచుకున్నారు. మంచి ఎంపిక. మన సింహాద్రిపురం పద్మనాభం సొంతంగా తీసి, తానే ముఖ్యపాత్ర వేసిన సినిమా, 1967లో వచ్చింది. ఇంతా చేసి ఆయన రాసిందేమిటంటే, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం సినిమాల్లో పాడిన మొదటి పాట ఇందులోదని! నిజమే, కానీ ఆ సినిమా చూడనివాళ్లు కూడా చెప్పే మాట అది. పద్మనాభాన్ని చూసి మీరెక్కడ నవ్వారు సార్? అది ఒక్క ముక్క లేదు.

ఆదోని టీచరమ్మది ఇంకో ఇబ్బంది. తనకు బాగా గుర్తున్న సీను ఇప్పుడు యూట్యూబ్‌లో కనబడలేదట. "నేనే పొరబడ్డాను" అని ఆ పేరా కొట్టేసి పంపారు. కొట్టేయకండి. మన పల్లెల్లో టూరింగ్ టాకీసుకు ప్రింటు వచ్చేసరికే పట్నాల్లో ఆడి ఆడి అరిగిపోయి ఉండేది. తెగినచోటల్లా కత్తిరించి అతికించేవాళ్లు. ప్రొజెక్టరు ఒకటే కాబట్టి రీలు మార్చినప్పుడల్లా లైట్లు వేసేవాళ్లు, బొరుగుల గంప ఒకటి తిరిగేది, నేల మీదున్న పిల్లలు అంతవరకు చూసిన కామెడీని అక్కడే మళ్లీ నటించేవాళ్లు. యూట్యూబ్‌లో పెట్టినవాళ్లూ తమకు తోచినంత కోస్తారు. మీకు గుర్తున్న సీను నిజంగా కోతలో పోయి ఉండొచ్చు, పక్కన కూర్చున్న పిల్లాడు కల్పించిందైనా కావచ్చు. ఏదైనా సరే, రాయాల్సింది దాని గురించే. చూడకముందే గుర్తున్నదంతా కాగితం మీద పెట్టుకోవాలని మీకు తెలిసిందే, అది మళ్లీ చెప్పను.

ఇక నాకు ఒళ్లు మండే విషయం: డైలాగులు ఎత్తి రాయడం. అనంతపురం కుర్రాడొకరు పేజీ నిండా డైలాగులే దింపి, చివర "పొట్ట చెక్కలయ్యింది" అన్నాడు. నాకు మాత్రం పెదవి కూడా కదల్లేదు. ఎందుకో చెప్తాను.

జంధ్యాల 'చంటబ్బాయి' (1986) తీసుకోండి. శ్రీలక్ష్మి తన కవితలు పట్టుకొచ్చి పత్రిక సంపాదకుడికి వినిపిస్తుంది. ఆ కవితలు కాగితం మీదికి ఎక్కిస్తే సినిమా చూసినవాళ్లు నవ్వుతారు, ఎందుకంటే వాళ్లకు ఆ గొంతు వినిపిస్తుంది. చూడనివాళ్లకు అవి ఉత్త తిక్క కవితలు. సీనులో నవ్వంతా వింటున్నవాడి దగ్గరుంది. ఆయన లేచి పోలేడు, కూర్చోనూ లేడు. ఆమె ఎంత నమ్మకంగా చదివితే ఆయన అంత కుంగిపోతాడు. అంటే మీరు రాయాల్సింది ఆయన్ని. ఆమె మాట ఒక్కటి చాలు, అదీ వీలైతేనే.

సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు జంటను చూసినా ఇదే. వీరభద్రరావు గుక్క తిప్పుకోకుండా తిడుతుంటే అందరి చూపూ ఆయన మీదే ఉంటుంది. నేనైతే ఆ తిట్లు వింటున్న వేలునే చూస్తాను. ఎవరేమన్నా నాకు ఆయనే ఎక్కువ.

"మరి ఒంటరి సీను సంగతో?" అంటారు. 'అహ నా పెళ్ళంట' (1987)లో కోట శ్రీనివాసరావు కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్తన్నం తింటాడు కదా. అక్కడా ఎదుటివాడు ఉన్నాడు: కోడి! కళ్లు పైకెత్తి, ముద్ద నోట్లో పెట్టుకుని, ఆ రుచి నిజంగా తగిలినట్టు నమిలే తీరు చూసి రాయండి. పిసినారి అన్న మాటే వాడక్కర్లేదు.

నా అడ్డదారి ఒకటుంది. సీను ఒకసారి సౌండు తీసేసి చూస్తాను, తర్వాత కళ్లు మూసుకుని వింటాను. సౌండు లేకుండా కూడా నవ్వొస్తే నటుడిది, వింటేనే వస్తే రచయితది. ప్రతిసారీ ఇంత సూటిగా తేలదు గానీ, పనికి అడ్డం రాదు.

అభ్యాసం: మీ సినిమాలోంచి మూడు నిమిషాల సీను పట్టుకోండి. వింటున్న పాత్ర చేతులు, కళ్లు, కూర్చున్న తీరు మాత్రమే పేజీన్నర రాయాలి. డైలాగు ఒక్కటి కూడా ఉండకూడదు. తర్వాత చిన్నప్పుడు మీతో కలిసి చూసిన అక్కనో, చిన్నాయననో అడిగి, ఆ సీను వాళ్ల నోట వచ్చినట్టే కింద రాయండి. మీ మాటకూ వాళ్ల మాటకూ పొంతన లేకపోతే సర్దకండి, రెండూ అలాగే పంపండి. వచ్చే పాఠం పాటలదే. ఈలోగా ఎవరైనా సినిమా కథ రాసి పంపితే చదవకుండా తిప్పి పంపుతాను.