నెట్ స్లో అని లింకును తిట్టే ముందు కొలిచిన టూల్ చూడండి

మిర్యాలగూడ రైస్ మిల్లులల్ల ఆఫీసుకు గోదాముకు నడుమ డిష్‌లు పెట్టి వైర్‌లెస్ నెట్ లింకులు ఏసుడు మా పని, ఫోన్ వస్తే ఒకటే మాట "అన్నా లింకు కరాబైంది, జెర వచ్చి చూడు" అని. పోయి చూస్తే చాలాసార్లు లింకు మంచిగనే ఉంటది, కొలిచుడే తప్పుంటది.

సమస్య: ఫోన్‌ల స్పీడ్‌టెస్ట్ పొద్దున 90 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) చూపిస్తది, రాత్రి 30.
కారణం: అది మీ లింకును ఒక్కదాన్నే కొలవది కదా, ఫోన్ వైఫై కాడి నుంచి ఎక్కడో ఉన్న సర్వర్ దాకా దారి మొత్తం కొలుస్తది, నడుమ ఎక్కడ రద్దీ ఉన్నా నంబర్ పడిపోతది.
పరిష్కారం: ఐపెర్ఫ్3 (iperf3) వాడండి, రెండు కంప్యూటర్ల నడుమ స్పీడ్ కొలిచే ప్రోగ్రాం, ఫ్రీనే. ఈ కొసకు ఒక ల్యాప్‌టాప్, ఆ కొసకు ఇంకోటి, రెండూ కేబుల్ మీదనే, వైఫై బంద్. మామూలుగ 10 సెకన్లే నడుస్తది, మీరు 60 పెట్టండి, తర్వాత కమాండ్‌ల మైనస్ ఆర్ (-R) పెట్టి ఉల్టా కూడ కొలవండి, ఎందుకంటే వైర్‌లెస్ లింకు ఒక దిక్కు మంచిగ పోయి ఇంకో దిక్కు సతాయిస్తుంటది. కనెక్టే కాకుంటే ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్‌ల (బయటి కనెక్షన్లను ఆపే సాఫ్ట్‌వేర్) 5201 నంబర్ పోర్టు బంద్ ఉన్నదేమో చూడండి. ఒక దిక్కు పాత ఐపెర్ఫ్2 ఉన్నా కలవది.

సమస్య: గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్విచ్ కొన్నా 94 కాడనే ఆగుతది.
కారణం: 94 అంటే దాదాపు ఖాయం, పోర్టు (కేబుల్ గుచ్చే జాగ) 100 మీద నడుస్తున్నది. గిగాబిట్‌కు నాలుగు జతల వైర్లూ కావాలె, ఒక్క జత తెగినా 100కు దిగొచ్చు. గోదాములల్ల ఎలుకలు ఊకుంటయా మరి!
పరిష్కారం: కేబుల్ మార్చండి, లేకుంటే మళ్ల క్రింపింగ్ (కొసకు కొత్త కనెక్టర్ బిగించుడు) చేయండి. సాఫైతే 940 దాకా వస్తది, 1000 మాత్రం రాదు, ప్యాకెట్ల హెడర్లకే కొంత పోతది.

సమస్య: ఐపెర్ఫ్3ల యూడీపీ టెస్ట్ (ప్యాకెట్లు చేరినయా లేదా అని చూడకుండ పంపే పద్ధతి) పెడితే 1 ఎంబీపీఎస్సే.
కారణం: ఐపెర్ఫ్3ల ముందుగాల ఉండే సెట్టింగే అట్ల.
పరిష్కారం: మైనస్ బీతోని (-b) స్పీడ్ మీరే చెప్పండి, ప్యాకెట్ లాస్ (దారిల పోయిన ప్యాకెట్లు) ఎంతుందో కూడ చూడండి.

ఫైల్ కాపీ చేసి "పదకొండే వస్తుంది" అనేటోళ్లకు, అది మెగాబైట్లు, మెగాబిట్లు కావాల్నంటే 8తోని గుణించుకోండి. పైంగ హార్డ్‌డిస్క్ స్లో ఉంటే అది హార్డ్‌డిస్క్ కొలతనే అయితది.

ఇంకోటి, లింకు మీద పెట్టకముందే రెండు ల్యాప్‌టాప్‌లను చిన్న కేబుల్‌తోని నేరుగ కలిపి ఒకసారి కొలవండి. నేను ఇది చేయక రెండు రోజులు ఎండల పోల్ ఎక్కి డిష్‌లు తిప్పిన, ఆఖరికి చూస్తే నా పాత ల్యాప్‌టాప్ పోర్టే 100ది.