ఫ్రెంచ్ డిఫెన్స్ ప్లాన్ గుర్తుండటానికి ఓ పద్ధతి

చదరంగంలో నల్లపావులతో ఫ్రెంచ్ డిఫెన్స్ (తెలుపు ఈ4కి నలుపు ఈ6తో జవాబిచ్చే ఆరంభం) ఆడేటప్పుడు మొదటి నాలుగైదు ఎత్తులు గుర్తుంటాయి. అవతలివాళ్లు మనం చదవని ఎత్తు వేయగానే ఏం చేయాలో తోచదు.

ఇలా చేసి చూడండి. ఈ4 ఈ6, డి4 డి5, ఈ5 (జంటలో ముందుది తెలుపు ఎత్తు, తర్వాతది నలుపుది; అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస) అయ్యాక బోర్డు మీద బంట్లు మాత్రం ఉంచి మిగతావన్నీ తీసేయండి. తెల్ల బంట్ల గొలుసు, అంటే ఐమూలగా ఒకదాన్ని ఒకటి కాచే బంట్లు, స్పష్టంగా కనిపిస్తుంది. ఈ5ని మోసేది డి4, కాబట్టి మన దెబ్బ అక్కడే పడాలి. ఇప్పుడు నల్లపావుల్ని ఒక్కొక్కటే తిరిగి పెడుతూ, డి4 మీదికి ఏ దారిన వస్తుందో చూసుకోండి. సి5కి బంటు, సి6కి గుర్రం, బి6కి క్వీన్, రెండో గుర్రం ఈ7 మీదుగా ఎఫ్5కి. ఎత్తుల వరుస మారినా ఈ నాలుగూ మారవు. ఆ తర్వాత వీలు చూసి ఎఫ్6తో ఈ5ని కదిలించాలి. సి8 బిషప్ మాత్రం ఈ6 వెనక ఇరుక్కుంటుంది, దాన్ని డి7కి తీయాలి.

ఆ డి7 చాలా ముఖ్యం. తెల్ల బిషప్ డి3లో ఉండగా, సి5 బంటుతో మార్పిడి అయ్యాక డి4 బంటు ఊరికే దొరికినట్టుంటుంది. ఆశపడి గుర్రాలు మార్చుకుని క్వీన్‌తో తీశామా, బిషప్ బి5కి వచ్చి చెక్ ఇస్తుంది, వెనకనుంచి వాళ్ల క్వీన్ మన క్వీన్‌ని తీసేస్తుంది. డి7లో మన బిషప్ ఉంటే ఆ చెక్ ఉండదు.

మూడో ఎత్తులోనే తెలుపు డి5 బంటును తీసేస్తే గొలుసే ఉండదు, అక్కడ ఈ ప్లాన్ పనికిరాదు. మామూలుగా పావులు బయటికి తీసి ఆడుకోవడమే.