ఆఫ్-రోడ్ బైక్ నడిపేవారు నడుము పైభాగానికి రక్షణ కవచాన్ని ఎలా ఎంచుకోవాలి?

తారు రోడ్డు మీద జారిపడినవారికి ఎక్కువ హాని చేసేది ఒరిపిడి. అందుకే అక్కడ చర్మం గీరుకుపోకుండా ఆపే మందపాటి జాకెట్‌కు మొదటి స్థానం ఇస్తారు. మట్టిదారుల్లో, రాళ్ల వాలుల్లో, ఇసుకలో బండి నడిపేవారి పరిస్థితి వేరు. వేగం తక్కువే అయినా పడటం తరచుగా జరుగుతుంది, పడిన చోట మొనదేలిన రాయో, చెట్టు మొద్దో, తమ బండి హ్యాండిల్‌బారో ఉండవచ్చు. ముందు వెళ్తున్న బండి వెనక చక్రం చిమ్మే రాళ్లు నేరుగా ఎదురొమ్ముకు తగులుతాయి. కాబట్టి ఇక్కడ వేసుకునే కవచం దెబ్బ తీవ్రతను తగ్గించాలి, గంటల తరబడి నిలబడి నడిపినా తన చోటు నుంచి జరగకూడదు. మొదటి గుణాన్ని లేబుల్ చెబుతుంది. రెండోదాన్ని వేసుకుని చూసి మీరే తేల్చుకోవాలి.

1. రాళ్లను ఆపేదేదో, దెబ్బను తగ్గించేదేదో వేరు చేసుకోండి

కొనేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. రూస్ట్ గార్డ్ అంటే గట్టి ప్లాస్టిక్ పలక, దాని లోపల పలుచటి ఫోమ్. ఎగిరివచ్చే రాళ్లను, మట్టిపెళ్లలను ఒంటికి తగలకుండా ఆపడమే దాని పని. యూరప్‌లో దీనికి ఈఎన్ 14021 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. హ్యాండిల్‌బార్ ఛాతీకి పొడుచుకున్నప్పుడో, వెల్లకిలా రాతి మీద పడినప్పుడో వచ్చే దెబ్బకోసం దాన్ని తయారుచేయలేదు. ఆ పనికి ఉద్దేశించినవి ఇంపాక్ట్ ప్రొటెక్టర్లు. వాటికి ఈఎన్ 1621 వరుసలోని ప్రమాణాలు వర్తిస్తాయి. కొన్ని చెస్ట్ ప్రొటెక్టర్లు రెండు ప్రమాణాలకూ నిలుస్తాయి. అవకాశం ఉంటే వాటివైపే మొగ్గండి.

గట్టి పలకను చూడగానే ధైర్యం కలగడం సహజమే. అయితే పలక దెబ్బను వెడల్పుగా పరుస్తుంది తప్ప దాన్ని మింగలేదు. వెనక ఉన్న ఫోమ్ నలిగినప్పుడే ఒంటికి చేరే బలం తగ్గుతుంది. లోపలి ఫోమ్‌ను వేలితో నొక్కినప్పుడు వెంటనే ప్లాస్టిక్ గట్టిదనం తగిలితే, అది రాళ్లకు మాత్రమే పనికొచ్చేదని అనుమానించాలి.

2. మీరు నడిపే తీరుకు తగిన రూపాన్ని నిర్ణయించుకోండి

మోటోక్రాస్ (మట్టి దిబ్బలతో కట్టిన ట్రాక్ మీద జరిగే బైక్ పందెం) ట్రాక్ మీద తక్కువ సమయం, ఎక్కువ వేగం, ఎత్తైన దూకుళ్లు ఉంటాయి, ముందు బండ్లు విసిరే రాళ్లూ ఎక్కువే. అక్కడ ఛాతీని, వీపును కలిపి కప్పే చొక్కాలాంటి కవచం, వేరుగా మోచేతి గార్డులు చాలామందికి సరిపోతాయి. అడవి దారుల్లో, కొండవాలుల్లో రోజంతా నడిపే ఎండ్యూరో (కఠినమైన దారుల్లో సాగే దూర పందెం), ట్రెయిల్ రైడర్లకు ఆర్మర్ జాకెట్ ఎక్కువ ఉపయోగం. వల గుడ్డలో భుజాలు, మోచేతులు, ఛాతీ, వీపు భాగాలకు ప్యాడ్‌లు అమర్చిన ఈ జాకెట్‌ను జెర్సీ కిందే తొడుక్కోవచ్చు కాబట్టి కొమ్మలకు పట్టీలు తగులుకోవు. దారిలో కొంత తారు రోడ్డు కూడా ఉండే దూరప్రయాణాలకు మాత్రం ఒరిపిడిని తట్టుకునే పై జాకెట్ కూడా కావాలి, ఎందుకంటే వల గుడ్డ తారు మీద నిలవదు.

పడినప్పుడు గాలితో ఉబ్బి ఒంటిని కాపాడే ఎయిర్‌బ్యాగ్ చొక్కాల గురించి ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. ఎడారుల గుండా సాగే దూర పందెం డకార్ ర్యాలీలో 2021 నుంచి బైక్ రైడర్లకు ఇవి తప్పనిసరి అయ్యాయి. ఎలక్ట్రానిక్ రకం కొనేటట్లయితే అందులో ఆఫ్-రోడ్ కోసం రూపొందించిన మోడ్ ఉందో లేదో ముందుగా చూడాలి. రోడ్డు మీది కుదుపులకు అలవాటుపడిన వ్యవస్థ గుంతల దారిలో ఏది పడటమో, ఏది మామూలు ఎగుడుదిగుడో సరిగా తేల్చలేకపోవచ్చు. నెమ్మదిగా పక్కకు ఒరిగిపోయే పడటాల్లో అది తెరుచుకోకపోవచ్చు కూడా. కాబట్టి మొదటిసారి కొనేవారు మామూలు ప్యాడ్‌లతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

3. లేబుల్‌ను ముక్కముక్కకూ చదవండి

ప్యాకెట్ మీద సీఈ (యూరప్ నిబంధనలకు తగినట్లుందని తెలిపే గుర్తు) అనే అక్షరాలు ఉన్నంత మాత్రాన సరిపోదు. ప్రమాణం సంఖ్య, సంవత్సరం, స్థాయి ఈ మూడూ ప్యాడ్ మీదే ముద్రించి ఉండాలి. భుజాలు, మోచేతుల ప్యాడ్‌లకు ఈఎన్ 1621-1, వీపుకు ఈఎన్ 1621-2, ఛాతీకి ఈఎన్ 1621-3, గాలితో ఉబ్బే కవచాలకు ఈఎన్ 1621-4 వర్తిస్తాయి. బైక్ రైడర్ బొమ్మ పక్కన భుజానికి ఎస్, మోచేతికి ఇ, వీపుకు బి అనే అక్షరాలు, వాటి తర్వాత 1 లేదా 2 అనే స్థాయి కనిపిస్తాయి.

ఆ స్థాయికి అర్థం ఇది. ప్యాడ్ మీద 50 జౌళ్ల శక్తితో బరువును పడవేసి, అవతలివైపుకు ఎంత బలం చేరిందో కొలుస్తారు. మోచేతి, భుజం ప్యాడ్‌లలో అవతలికి చేరిన సగటు బలం 35 కిలోన్యూటన్లు దాటకపోతే మొదటి స్థాయి, 20 దాటకపోతే రెండో స్థాయి. వీపు విషయంలో హద్దులు మరింత కఠినం: మొదటి స్థాయికి 18, రెండో స్థాయికి 9. అంటే వీపుకు రెండో స్థాయి ప్యాడ్ తీసుకుంటే ఒంటికి చేరడానికి అనుమతించే బలం హద్దు సగానికి తగ్గుతుంది. డబ్బును ఎక్కడ ఎక్కువ పెట్టాలో తేల్చుకోలేనివారు ముందు వీపుకు, ఛాతీకి పెట్టి, భుజాలు, మోచేతులకు మొదటి స్థాయితో సరిపెట్టుకోవచ్చు.

ఇక్కడ గమనించాల్సిన మెలిక ఒకటుంది. కొన్ని ఆర్మర్ జాకెట్లలో భుజాలు, మోచేతుల ప్యాడ్‌లకు మాత్రమే ధ్రువీకరణ ఉంటుంది, ఛాతీ మీదా వీపు మీదా ఉన్నది ఆకారం నిలపడానికి కుట్టిన మామూలు ఫోమ్. జాకెట్‌కు వేలాడే కాగితం మీద ఈ తేడా తెలియదు. అందువల్ల జిప్పులు, జేబులు తెరిచి ప్రతి ప్యాడ్‌నూ బయటికి తీసి, దాని సొంత ముద్రను చూడాలి. వీపు ప్యాడ్ మీద ఎఫ్‌బి అని ఉంటే వీపు మొత్తాన్నీ, సిబి అని ఉంటే మధ్యభాగాన్నే, ఎల్‌బి అని ఉంటే నడుము భాగాన్నే కప్పుతుంది.

4. ఒంటిని కొలవండి

తలను కిందికి వంచితే మెడ మొదట్లో పైకి పొడుచుకొచ్చే ఎముక చేతికి తగులుతుంది. అక్కడి నుంచి నడుము వరకు ఉన్న పొడవే వీపు ప్రొటెక్టర్‌కు అసలు కొలత. ఎత్తును బట్టి సైజు తీసుకుంటే, పొట్టి కాళ్లు, పొడుగు నడుము ఉన్నవారికి వీపు కింది భాగం కప్పులేకుండా మిగిలిపోతుంది. ఛాతీ చుట్టుకొలతను మామూలు చొక్కా మీద కాకుండా, లోపల వేసుకునే పలుచటి బనియన్ మీద తీసుకోండి. స్త్రీలు వారి ఒంటి తీరుకు మలచిన ఛాతీ పలకలను ఎంచుకోవాలి, చదునైన పలక అటూ ఇటూ ఖాళీ వదిలి ఒకేచోట నొక్కుతుంది.

పిల్లలకు పెరుగుతారు కదా అని పెద్ద సైజు కొనకండి. వారి పక్కటెముకలు మెత్తగా వంగుతాయి కాబట్టి ఎముక విరగకుండానే లోపలి అవయవాలకు దెబ్బ తగలవచ్చు. వదులుగా ఉండి పక్కకు జరిగిపోయే పలక వారికి రక్షణ కాదు.

5. వేసుకుని, నడిపే భంగిమలో నిలబడి చూడండి

అద్దం ముందు నిటారుగా నిలబడితే ఏ కవచమైనా బాగానే ఉంటుంది. తేడా తెలిసేది ఫుట్‌పెగ్‌ల (పాదాలు ఆనించే కడ్డీల) మీద లేచి, మోకాళ్లు వంచి, తుంటిని వెనక్కి నెట్టి, మోచేతులను పైకెత్తి ముందుకు వంగినప్పుడే. సొంత బండి దగ్గర లేకపోతే దుకాణంలో ఉన్న బండి ఎక్కి చూడనివ్వమని అడగండి, అదీ కుదరకపోతే నేల మీదే ఆ భంగిమలో నిలబడండి. హెల్మెట్ తప్పకుండా పెట్టుకోవాలి. ఆ భంగిమలో తలెత్తి దూరంగా చూస్తే హెల్మెట్ వెనక అంచు వీపు ప్రొటెక్టర్ పై అంచుకు తగులుతున్నదా అని గమనించండి. తగిలితే దారి మీద చూపు కొన్ని అడుగుల ముందు వరకే ఆగిపోతుంది, అదే ప్రమాదానికి కారణమవుతుంది. తర్వాత సీటు మీద కూర్చుని ట్యాంకు వైపు జరగండి. ఛాతీ పలక కింది అంచు పొట్టలోకి పొడుచుకున్నా, పై అంచు గొంతువైపు లేచినా ఆ సైజు మీకు సరిపడదు.

పట్టీలు బిగించి నిండుగా ఊపిరి పీల్చండి, ఎక్కడా అడ్డు తగలకూడదు. చేతులను గుండ్రంగా తిప్పినా భుజం కప్పులు భుజం మీదే ఉండాలి. ఆపై ఒక చేత్తో రెండో మోచేతి ప్యాడ్‌ను పట్టుకుని పక్కకు తిప్పండి. చేతి బలానికే తిరిగిపోతే నేల మీద ఈడ్చుకుపోయినప్పుడు అది మోచేతి మీద మిగలదు. కొత్తలో బిగువుగా ఉన్న గుడ్డ వాడకంతో సాగుతుంది కాబట్టి, కొద్దిగా బిగువుగా అనిపించేదే తీసుకోండి.

సరిగ్గా కుదిరిన కవచానికి కూడా హద్దులున్నాయి. చేయి చాచి పడినప్పుడు బలం అరచేతి నుంచి భుజం దాకా ప్రయాణించి కాలర్ ఎముకను విరిచేస్తుంది, దాన్ని భుజం కప్పు ఆపలేదు. వీపు ప్రొటెక్టర్ నేరుగా తగిలే దెబ్బను తగ్గిస్తుంది గానీ, వెన్నెముక మెలిపడటాన్ని, అతిగా వంగడాన్ని ఆపలేదు.

6. నెక్ బ్రేస్, నీళ్ల బ్యాగుతో కలిపి పరీక్షించండి

నెక్ బ్రేస్ (మెడ అతిగా వంగకుండా ఆపే పట్టీ) వాడేవారు దాన్ని దుకాణానికి వెంట తీసుకువెళ్లి, దానితో కలిపి వేసుకుని చూశాకే కవచం కొనాలి. బ్రేస్ ఛాతీ మీదా వీపు మీదా స్థిరంగా కూర్చోవాలి. పలకల అంచుల మీద తేలుతూ ఉంటే అది తన పని చేయలేదు. నీళ్ల బ్యాగు తగిలించుకున్నాక భుజం పట్టీలు ప్యాడ్‌లను పక్కకు లాగుతున్నాయేమో చూడండి. స్పానర్లు, పంపు వంటి గట్టి వస్తువులను వెన్నెముక మీదికి వచ్చేలా ఆ బ్యాగులో పెట్టకండి.

7. వేడిని, చలిని లెక్కలోకి తీసుకోండి

ఉక్కపోతకు తట్టుకోలేక సగం దారిలో విప్పేసే కవచం వల్ల ఉపయోగం లేదు. మెత్తగా ఉండి దెబ్బ తగిలిన క్షణంలో బిగుసుకునే కొత్తరకం ఫోమ్ ఒంటికి అతుక్కుని హాయిగా ఉంటుంది, అయితే చలిలో గట్టిపడుతుంది. టి+ గుర్తు ఉన్న ప్యాడ్‌ను 40 డిగ్రీల వద్ద, టి- గుర్తు ఉన్నదాన్ని సున్నాకు 10 డిగ్రీల దిగువన కూడా పరీక్షించారని అర్థం. మీరు తిరిగే వాతావరణాన్ని బట్టి ఆ గుర్తును వెతకండి.

8. పడిన ప్రతిసారీ విప్పి చూడండి

పలకలో పగుళ్లు, ఫోమ్‌లో తిరిగి లేవని గుంతలు, అంచుల దగ్గర చిట్లిన కుట్లు కనిపిస్తే ఆ భాగాన్ని మార్చాలి. గట్టి దెబ్బ తిన్న ప్యాడ్ పైకి బాగానే ఉన్నా లోపల నలిగిపోయి ఉండవచ్చు కాబట్టి, వాడినవారి చేతి నుంచి కొన్న పాత కవచాన్ని నేను సిఫారసు చేయను. ఉతికేముందు ప్యాడ్‌లన్నీ తీసి, గుడ్డను చల్లటి నీళ్లలో మెత్తటి సబ్బుతో చేత్తో ఉతికి, నీడలో ఆరబెట్టండి. ప్యాడ్‌లను తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరిన తర్వాత లేబుల్ ఉన్న వైపు చూసుకుని సరైన జేబులో, సరైన వైపుకు తిరిగి అమర్చండి.