చిన్న విమానం ఎక్కే ముందు ఇంధనం లెక్క

ఓర్వకల్లు నుంచి కడప దగ్గరే కదా అని గేజీని నమ్ముకుని బయల్దేరకండి. సెస్నా 172ఎస్ అనే చిన్న విమానం ట్యాంకుల్లో 56 అమెరికన్ గ్యాలన్లు పడతాయి గానీ ఇంజిన్‌కు అందేది 53 మాత్రమే, అంటే సుమారు 200 లీటర్లు, మిగతా 3 అడుగునే ఉండిపోతాయి, ఉన్నా లేనట్టే. పాత మోడల్ అయితే అంకె వేరు, పక్క విమానం లెక్క కాదు, మీ విమానం మాన్యువల్ చూడండి.

చదునైన చోట నిలబెట్టి రెండు ట్యాంకుల్లోనూ కొలపుల్ల ముంచండి. ఆ పుల్ల ఆ మోడల్‌దేనా? చూపేది మొత్తమా, వాడదగ్గదా? అమెరికన్ గ్యాలన్లా, లీటర్లా? (అమెరికన్ గ్యాలన్ అంటే 3.785 లీటర్లు.) పప్పులో కాలేసేది ఇక్కడే.

ట్యాంకుల అడుగు నుంచి కొంచెం ఇంధనం పట్టి అందులో నీళ్లున్నాయేమో చూసి, మూతలు బిగించండి. దారి మళ్లాల్సి వస్తే టెన్షన్ లేకుండా గంటకు సరిపడా అదనం ఉంచుకోవడం నా పద్ధతి.